ఇరవై మూడు డిగ్రీల నెమలి

నెమలి ఎక్కడ పుడుతుందని అడిగితే ఎవరైనా అడవిలో అంటారు. కోటిలంకలో ఫొటో స్టూడియో నడిపే గుత్తుల బుల్లబ్బాయి మాత్రం ఇంగువ డబ్బాలో అంటాడు. అందులో వీసమెత్తు అబద్ధం లేదు.

ఏదో పంటల పండగ సంవత్సరమని చెప్పి ఒకప్పుడు సర్కారువారు నూరు రూపాయల వెండి నాణెం వేశారు. ఒకవైపు సింహాలు, రెండోవైపు నాగలి, దాని మీదికి వంగిన వరి వెన్ను. బుల్లబ్బాయి తల్లి సూరమ్మ ముచ్చటపడి దాన్ని పోస్టులో తెప్పించుకుంది. తెప్పించుకుని, ఇంట్లో ఎవరి చెయ్యీ వెళ్ళని చోటు ఏదా అని ఆలోచించి, అడుగున కాస్త ఇంగువ మిగిలిన పాత డబ్బాలో పడేసి మూత బిగించింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ నాణెం ఇంగువ వాసన పీలుస్తూ చీకట్లో కూర్చుంది. ఆవిడ కాలం చేశాక వంటింటి అటక దులుపుతుంటే డబ్బా దొర్లి, మూత ఊడి, నాణెం బుల్లబ్బాయి కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది.

అంచు చుట్టూ వంగపండు రంగు. దాని లోపల నీలం. నీలం కరిగి నెమలి మెడ పచ్చ. నాగలి దగ్గరికొచ్చేసరికి తేనె రంగు. వరి వెన్ను మాత్రం నిజంగానే పండినట్టు పసుపు.

"ఛీ, తుప్పట్టేసింది," అంది అతని భార్య మావుళ్ళమ్మ. "ఇలా తే. ఇంత ఇబూది ఏసి రుద్దానంటే మల్లెపువ్వులా వచ్చేత్తాది."

"ముట్టుకున్నావంటే ఊరుకోను!" అని బుల్లబ్బాయి నాణేన్ని గుప్పిట్లో దాచుకున్నాడు. "ఎండికి తుప్పేటే? ఇది దాని వయసు. నువ్వు రుద్దడానికి నిమిషం చాలు. మళ్ళీ ఈ రంగు రావాలంటే ముప్పై ఒక్క ఏళ్ళు. అప్పటికి నాకు ఎనభై నాలుగు."

"అయితే మాత్రం ఏం? అప్పటికీ ఇలాగే వాగుతావులే," అంది మావుళ్ళమ్మ.

ఆ రోజు నుంచి బుల్లబ్బాయి వెండి నాణేల వాడైపోయాడు. రంగు తిరిగిన స్మారక నాణేలు ఇంకో పదకొండు పోగేశాడు కానీ, ఇంగువ డబ్బా నెమలి ముందు అవన్నీ కోడిపిల్లలే. దాని ఫొటో తియ్యడానికి పద్నాలుగు రోజులు పట్టింది. ఫ్లాషు వేస్తే తెల్ల మచ్చ. ట్యూబులైటు కింద పెడితే బొగ్గుముక్క. ఎదురుగా చూస్తే అట్లపెనం అడుగులా నల్లగా ఉంటుంది. కొంచెం పక్కకి ఒరిగితే చాలు, పురి విప్పుతుంది. చివరికి కిటికీకి మామగారి తెల్ల పంచె అడ్డంగా కట్టి, నాణెం కింద చపాతీ పిండి ముద్ద పెట్టి వాలుగా నిలబెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. ఆ ఫొటో చూసి బస్టాండు దగ్గర కిళ్ళీ కొట్టువాడు ఇది ఏ దేశపు సీతాకోకచిలుకని అడిగాడు.

ఇలా రోజులు సుఖంగా గడుస్తుండగా కోటిలంకకి ఒక ఆఫీసు వచ్చింది.

బస్టాండు వెనకాల పాత కొబ్బరికాయల గోడౌనులో 'స్మారక వెండి వస్తువుల నమోదు కార్యాలయం' అని బోర్డు వెలిసింది. ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. "ప్రజలు తమ వద్ద గల స్మారక వెండి నాణేలు, కప్పులు, పళ్ళెములు వగైరాలను ఒక ఛాయాచిత్రముతో సహా దాఖలు పరచవలెను. వస్తువుతో ఛాయాచిత్రము సరిపోలని యెడల సదరు వస్తువు శుద్ధి చేయబడును." ఎందుకు దాఖలు చెయ్యాలో ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళకి వేరే కౌంటరు ఉంది. అది ఇంకా తెరవలేదు.

మిగతా ఊరంతా తిట్టుకుంది. బుల్లబ్బాయి మాత్రం సంబరపడ్డాడు. ఇన్నాళ్ళకి సర్కారు తన నెమలిని చూడబోతోంది! తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నాణేన్నీ ఫొటోనీ పట్టుకుని అందరికన్నా ముందు వరసలో నిలబడ్డాడు.

ఆ ఆఫీసుకి అధీక్షకులు ఓరుగంటి సాంబమూర్తి గారు. ఇంట్లో పప్పులో ఉప్పెక్కువైందని చెప్పాలన్నా 'పై విషయమును పురస్కరించుకొని' అని మొదలుపెట్టే మనిషి. నాణేన్ని బల్ల మీద పెట్టి, మెడ గడకర్రలా నిలబెట్టి, సరిగ్గా ముక్కుకి ఎదురుగా చూశారు.

"ఛాయాచిత్రములో ఏమున్నది?"

"నెమలండి."

"నాణెములో?"

"అదేనండి."

"కాదు. నా ఎదుట మాడిన బిళ్ళ ఒకటి ఉన్నది. దీనికీ దానికీ పోలిక లేదు."

"కొంచెం అలా ఎడంపక్కకి ఒరిగి సూడండి బాబూ. ఆ కిటికీ ఎలుగు దీని మీద పడి మీ కంట్లోకి రావాలండి. అప్పుడు సూడండి, ఆయ్!"

సాంబమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "నిబంధన పదకొండు. పరిశీలనాధికారి వస్తువును అభిముఖముగా పరిశీలించవలెను. ఒరిగి చూడుమని ఎక్కడా లేదు. నేడు వస్తువు కోసం ఒరిగితే, రేపు వస్తువు యజమాని కోసం ఒరిగినాననే అపవాదు వచ్చును."

"పోనీ, బిళ్ళనే ఒరిగించి సూడండి."

"దాఖలైన వస్తువును ఒరిగించుట సాక్ష్యమును మార్చుటయే."

ఫొటో వెనక 'సరిపోలలేదు' అని ముద్ర పడింది. నాణెం ఒక కవర్లోకి, కవరు వెనకాల శుద్ధి విభాగానికి వెళ్ళాయి. పదిహేను రోజుల్లో శుద్ధి.

"నా బిళ్ళ నాకిచ్చెయ్యండి బాబూ, రిజిస్ట్రీ వద్దు, ఏం వద్దు."

"దాఖలైన వస్తువు దాఖలాలోనే ఉండును. తదుపరి," అన్నారు సాంబమూర్తి గారు.

బుల్లబ్బాయి కాళ్ళీడ్చుకుంటూ గోడౌను వెనక్కి వెళ్ళాడు. శుద్ధి విభాగం అంటే దుళ్ళ పేరంటాలు. ముందర విభూతి గంప, నిమ్మచెక్కలు, పాత పంచె గుడ్డలు. ఆ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆవిడంత తెల్లగా తోమే మనిషి లేదు. మొన్ననే ఒక వాలీబాల్ కప్పు తోమితే దాని మీద గెలిచిన జట్టు పేరు కూడా చెరిగిపోయింది. వాళ్ళొచ్చి లబోదిబోమంటే, "తెల్లగా వచ్చిందా లేదా? అది సెప్పండి," అంది.

"పేరంటాలత్తా, నీకు దణ్ణం పెడతాను. నా బిళ్ళ తోమకే," అన్నాడు బుల్లబ్బాయి, ఆవిడ ముందు గొంతుక్కూర్చుని.

"నాదేవుంది అబ్బాయ్? కాయితం వత్తే తోమేత్తాను, రాకపోతే ఊరుకుంటాను. ఏదీ, ఏటంత గొప్ప అందులో?" అని కవరు విప్పింది. పనిలో వంగి ఉన్న మనిషి కదా, పక్కనుంచే చూసింది. చూసి చేతిలో నిమ్మచెక్క కింద పెట్టేసింది. "ఓలమ్మ! మా మేనత్త పట్టుచీర కొంగు ఇలాగే ఉండేది. దీన్ని తోమమన్నాడా ఆ మూర్తిగారు? ఆయన కళ్ళు తోమాలి."

"మరేం చెయ్యమంటావు?"

"అడుక్కి తోసేత్తాను. పైనుంచి ఒక్కోటీ తోముకుంటా వత్తాను. కానీ పదిహేనో రోజు దాటితే నా కూలి పోద్ది నాయనా. ఈలోగా నువ్వు ఏ దేవుడికి మొక్కుకుంటావో మొక్కుకో."

బుల్లబ్బాయి ఏ దేవుడికి మొక్కాడో తెలియదు కానీ, ఆ దేవుడు పద్నాలుగో రోజున రైల్లో వచ్చాడు.

రాష్ట్ర సంచాలకులు అనంతపద్మనాభం గారు తనిఖీకి వచ్చారు. వచ్చేదారిలో కిటికీ ఊచకి తల ఆనించి గుర్రుపెట్టి నిద్రపోయారట. దిగేసరికి మెడ ఎడమ భుజం మీదికి వాలిపోయి, అక్కడే పట్టేసింది. నిటారు చేద్దామంటే ప్రాణం పోతోంది. పెద్ద హోదా మనిషి కాబట్టి మెడ పట్టేసిందని ఆయన చెప్పలేదు. చిన్న హోదా మనుషులు కాబట్టి వీళ్ళు అడగలేదు. సాంబమూర్తి గారు దండ వేస్తే అది ఒకపక్కకి జారి నేలమీద పడింది. అది కొత్త పద్ధతి అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన శుద్ధి జాబితా తెమ్మన్నారు. పేరంటాలు గంప అడుగునుంచి నాణెం తీసి బల్ల మీద పెట్టింది. కుడివైపు కిటికీ వెలుతురు వచ్చి దాని మీద పడింది. ఎడమకి వాలిన కన్ను దాన్ని పట్టుకుంది.

అనంతపద్మనాభం గారు వాలిన తలతోనే నాణెం దగ్గరికి వంగారు.

"దీన్ని శుద్ధి చేయమన్నది ఎవరు?"

"నేనే సార్," అన్నారు సాంబమూర్తి గారు. "ఛాయాచిత్రంతో సరిపోలలేదు సార్. చిత్రంలో నెమలి రంగులు ఉన్నవి. వస్తువు నల్లగా..."

"నలుపా? ఇది నలుపా? నా కంటికి అంచున ఊదా, లోపల నీలం, మధ్యన బంగారం కనిపిస్తుంటే మీ కంటికి నలుపా? ఎలా చూశారు?"

"నిటారుగా సార్. అభిముఖముగా."

"నిటారుగా చూసినవాడికి నిజం కనిపిస్తుందటయ్యా?" అన్నారు ఆయన, వాలిన తలతోనే. ఆ మాట అనుకోకుండా వచ్చింది కానీ, వచ్చాక ఆయనకే నచ్చింది. ఇంకోసారి అన్నారు. మూడోసారి అనేటప్పటికి స్టెనో రాసేసుకుంది.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. 'ఇకమీదట స్మారక వెండి వస్తువుల పరిశీలన యావత్తు సంచాలకుల వారి పరిశీలనా కోణములోనే జరుపవలెను.' ఆ కోణం ఎంత? ఎవరు కొలుస్తారు? పెద్దాయన మెడకి కొలబద్ద పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు బుల్లబ్బాయిని పిలిచి, గౌరవార్థం ఒక ఫొటో తియ్యమన్నారు. ఆ ఫొటో మీద హైస్కూలు లెక్కల మాష్టారు కోణమానిని పెట్టి ఇరవై మూడు డిగ్రీలని తేల్చారు.

బుల్లబ్బాయి ఎగిరి గంతేశాడు. "అయితే నా బిళ్ళ తోమరుగా బాబూ? ఇచ్చేత్తారా?"

"శుద్ధి ఉత్తర్వు రద్దు కాలేదు," అన్నారు సాంబమూర్తి గారు. "నిలుపుదల మాత్రమే. ఇరవై మూడు డిగ్రీలు అమలులో ఉన్నంతకాలం నిలుపుదల కూడా అమలులో ఉండును. ఇక ఇచ్చుట అందువా, సదరు నాణెము ఈ క్షణము నుండి నమూనా. దీనిని చూచియే యావత్తు సిబ్బందికి శిక్షణ."

అలా నెమలి అద్దాల పెట్టెలోకి వెళ్ళింది. బుల్లబ్బాయికి 'కోణ ఛాయాగ్రాహకుడు' అని ఒక చీటీ మెడలో వేశారు. జీతం లేదు కానీ బాధ్యత ఉంది. రోజూ వచ్చి ఊళ్ళోవాళ్ళ వెండికి వాలు ఫొటోలు తీస్తూ, మధ్యమధ్యలో అద్దంలోంచి తన బిళ్ళని చూసుకుని, ఆ నిలుపుదల ఇంకా నిలబడే ఉంది కదా అని గుండె చేత్తో పట్టుకుని ఇంటికి పోయేవాడు.

ఇక ఆఫీసు సంగతి వినాలి. నలభై మంది సిబ్బంది ఒకేసారి ఇరవై మూడు డిగ్రీలు వాలాలంటే మాటలా? ఒకడు పద్దెనిమిది వాలేవాడు, ఒకడు ముప్పై వాలి పక్కవాడి మీద పడేవాడు. సాంబమూర్తి గారు వడ్రంగిని పిలిపించి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే చెక్కముక్కలు చేయించారు. దాని పేరు వాలుబద్ద. ఒక్కోదానికీ నెంబరు. వాలుబద్ద పోగొట్టుకుంటే మెమో. టీ తాగేటప్పుడు తీస్తే ఇంకో మెమో. దాంతో అందరూ వాలుగానే తాగడం నేర్చుకున్నారు. ఎడమ జేబులు మూడు రోజుల్లో టీ రంగు తిరిగాయి.

మెడ ఒక్కటే వాలితే ఒళ్ళు ఎదురు తిరుగుతోందని డాక్టరు చెప్పాడు. అందుకని కుర్చీలకి ఎడమవైపు కాళ్ళు కోయించారు. కుర్చీ వాలాక బల్ల నిటారుగా ఉండటం అవిధేయతలా కనిపించింది. బల్లలకీ కోశారు. ఫైళ్ళన్నీ జారి గోడ వారకి పోయి చేరాయి. ఏ ఫైలు కావాలన్నా ఇప్పుడు ఎడమ గోడ దగ్గర వెతికితే చాలు. అంతకుముందు నాలుగు గోడలూ వెతికేవారు. దీన్ని 'పాలనా సౌలభ్యము' అని నెలవారీ నివేదికలో రాశారు.

ఒక గుమస్తాకి చిన్నప్పుడెప్పుడో తాటిచెట్టు మీంచి పడి మెడ వంగదు. అతను డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు, 'ఇతని మెడ పుట్టుకతో కాక, ప్రమాదవశాత్తు నిటారు' అని. పాపం మంచివాడే అని, అతన్ని మాత్రం గోడకి నిచ్చెన వేసినట్టు మొత్తం మనిషిని వాలుగా ఆనించి పని చేయించుకున్నారు.

జనం కూడా వరసలో వాలుగా నిలబడాలి. దూరంనుంచి చూస్తే గాలివానకి పడిన వరిచేనులా ఉండేది.

ఒకరోజు రిటైరైన పోస్టుమాస్టరు అప్పలస్వామి గారు తన వీడ్కోలు పళ్ళెం తెచ్చారు. దాని మీద ఆయన పేరు, సేవ చేసిన సంవత్సరాలు చెక్కి ఉన్నాయి. సాంబమూర్తి గారు వాలుబద్ద సర్దుకుని చూశారు.

"తిరస్కరించడమైనది. అక్షరములు వంకరగా ఉన్నవి."

"అక్షరాలు తిన్నగానే ఉన్నాయండి. తమరు వంకరగా చూస్తున్నారు."

"సంచాలకుల వారి కోణమును వంకర అంటున్నారా?"

"అయ్యయ్యో, నేనేం అన్లేదండి బాబూ. పళ్ళెమే వంకర. చెక్కినవాడిదే తప్పు. ముప్పై ఏళ్ళ సర్వీసూ వంకరే అనుకోండి," అని పోస్టుమాస్టరు పళ్ళెం వాళ్ళకే వదిలేసి, వాలుగానే నడిచి వెళ్ళిపోయారు.

ఇంట్లో మావుళ్ళమ్మ ఊరుకుంటుందా? "ఏవయ్యో, మీ ఆఫీసోళ్ళు బజార్లో కూరగాయలు కొంటంటే తక్కెడ కూడా వాలినట్టే ఉంటాందంట. నీ బిళ్ళ సల్లగుండా! ఊరు ఊరంతా ఒరిగిపోయింది. ఆరోజు ఇబూదేసి నన్ను రుద్దనిచ్చుంటే ఈ గోలే లేకపోను."

"ఊరు ఒరిగితే ఒరిగింది," అన్నాడు బుల్లబ్బాయి. "నా నెమలికి ఈక పోకూడదు."

వంద రోజులు నిండాయి. 'కోణ శతదినోత్సవము' జరపాలని నిర్ణయించి అనంతపద్మనాభం గారిని పిలిచారు. షామియానాకి ఎడమవైపు గుంజలు పొట్టివి వేశారు. నలభై మందీ వాలుబద్దలకి పసుపు రాసి వరసగా నిలబడ్డారు. అసలు ఆపాటికి బద్దలతో పనే లేదు. తీసేసినా మెడలు అక్కడే ఉండిపోతున్నాయి.

కారు ఆగింది. పెద్దాయన దిగారు.

మెడ నిటారుగా ఉంది.

ఏం జరిగిందంటే, వారం కిందట క్షౌరం చేయించుకుంటుంటే మంగలి 'ఇదేంటి బాబూ' అని గడ్డం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. టక్కుమంది. అంతే, మూడు నెలల కోణం ఒక్క గుంజుకి పోయింది. ఆయన మెడతో పాటు ఆ సంగతీ మర్చిపోయారు. ఇప్పుడు నలభై మంది గోడగడియారం ముళ్ళలా ఒకేవైపు వాలి నవ్వుతుంటే రెండడుగులు వెనక్కి వేశారు.

"వీళ్ళకేమైందయ్యా? ఏదైనా అంటురోగమా?"

"తమరి ఉత్తర్వే సార్," అన్నారు సాంబమూర్తి గారు, వాలుగా నమస్కారం పెడుతూ.

"నా ఉత్తర్వా? మనుషులు ఇలా తయారవ్వాలని నేను ఉత్తర్వు ఇస్తానా? దేనికి ఇచ్చాను?"

అద్దాల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. పక్కనే బుల్లబ్బాయి తీసిన ఫొటో పెట్టారు. పెద్దాయన మెడ నిలబెట్టి, ముక్కుకి ఎదురుగా చూశారు. ఫొటోలో నెమలి. పెట్టెలో అట్లపెనం అడుగు.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇది కాదు నేను చూసింది. నేను చూసినదానికి రంగులున్నాయి. ఎవరో మార్చేశారు. ఎవరిదీ నాణెం?"

వాలిన నలభై తలలూ బుల్లబ్బాయి వైపు తిరిగాయి.

"అదేనండి బాబూ! అమ్మతోడు అదేనండి! తమరు అప్పుడు సూసిన పక్కనుంచి ఇప్పుడు కూడా..."

"ఏ పక్కనుంచి? నేను ఏ పక్కనుంచి చూశాను?"

బుల్లబ్బాయి పెద్దాయన మెడ వైపు చూశాడు. మీ మెడ పట్టేసిందండి అప్పుడు, అనాలి. ఆ మాట అంటే పెద్దాయనకి పరువు పోతుంది. పెద్దాయనకి పరువు పోతే నెమలికి ఈక ఉండదు. నోరు మూసుకున్నాడు.

"నిలుపుదల రద్దు," అన్నారు అనంతపద్మనాభం గారు. "ఇప్పుడే నా ఎదుట శుద్ధి చెయ్యండి. తోమితే నిజం బయటపడుతుంది."

పేరంటాలు విభూతి గంపతో వచ్చింది. కూర్చుంది. నిమ్మచెక్క తీసింది, కింద పెట్టింది. గుడ్డ దులిపింది, మళ్ళీ మడిచింది. ఇంకా కాస్త మెత్తటి విభూతి కావాలని జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. బుల్లబ్బాయి వైపు చూసిన చూపులో, 'జల్లెడ ఎంతసేపని పట్టను అబ్బాయ్' అని ఉంది.

ఆ జల్లెడ చప్పుడుకి బుల్లబ్బాయి బుర్ర కదిలింది.

"బాబూ, నిబంధన ఏటండి? వస్తువూ ఫొటో సరిపోవాలి. అంతే కదండి?"

"అంతే," అన్నారు సాంబమూర్తి గారు అలవాటుగా.

"వస్తువుదేం తప్పు లేదండి. ఫొటోదే తప్పు. నేనే తప్పు తీశానండి. ఒక్క క్షణం."

బుల్లబ్బాయి కెమెరా తీశాడు. పంచె అడ్డం కట్టలేదు. చపాతీ పిండి పెట్టలేదు. ముప్పై ఏళ్ళ వృత్తిలో ఎంత పిల్ల ఏడ్చినా, ఎంత పెళ్ళికొడుకు కళ్ళు మూసినా అంత చండాలపు ఫొటో అతను తియ్యలేదు. నాణేన్ని వెల్లకిలా పడేసి, సరిగ్గా నడినెత్తి మీంచి, ఫ్లాషు కూడా వెయ్యకుండా నొక్కేశాడు. స్టూడియోకి పరిగెత్తి అచ్చు వేసి, తడి ఆరకుండానే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మాడిన బిళ్ళ. నాగలి లేదు, వెన్ను లేదు. అట్లపెనం అడుగు, దానికి అడుగున ఇంకొంచెం మసి.

పెద్దాయన ఫొటో చూశారు. పెట్టె చూశారు. "సరిపోలింది. అయితే రంగు ఏమని రాయాలి?"

"సిబ్బంది ధ్రువీకరించవలెను సార్," అన్నారు సాంబమూర్తి గారు.

నలభై మందినీ ఒక్కొక్కరినే పిలిచారు. అసలు చిత్రం ఇక్కడే ఉంది. వంద రోజులుగా వాలిన మెడలు. ఇప్పుడు నిలబెడదామన్నా నిలబడవు. పెట్టె ముందుకి వచ్చిన ప్రతి ఒక్కరి కంట్లోనూ ఊదా, నీలం, పచ్చ, పసుపు, నెమలి నెమలంతా పురి విప్పి ఆడుతోంది. ప్రతి ఒక్కరూ దాన్ని కళ్ళారా చూసి, నిటారుగా ఉన్న పెద్దాయన మెడని చూసి, చెప్పారు.

"నలుపు సార్."

"నలుపే సార్."

"కారునలుపు సార్."

"ఇంత నలుపు నా సర్వీసులో చూడలేదు సార్."

గోడకి ఆనించిన గుమస్తాని ఇద్దరు మోసుకొచ్చి పెట్టె ముందు వాల్చారు. అతనికి నెమలి అందరికన్నా బాగా కనిపించింది. "బొగ్గండి," అని కళ్ళు మూసుకున్నాడు.

సాంబమూర్తి గారు ఆఖరున వచ్చారు. అందరికన్నా ఎక్కువసేపు చూశారు. తర్వాత కలం తీసుకుని రిజిస్టరులో రాశారు. "పై విషయమును పురస్కరించుకొని, సదరు వస్తువు నలుపు. వెండి తెలుపు. కావున ఇది వెండి కాదు. వెండి కానందున ఈ కార్యాలయ పరిధిలోకి రాదు. పరిధిలోకి రానందున దీనిని శుద్ధి చేయు అధికారము మనకు లేదు. యజమానికి వాపసు."

జల్లెడ ఆగింది. పేరంటాలు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన సంతకం పెట్టారు. పెట్టి కలం మూత కోసం చూస్తే, వాలు బల్ల కదా, అది జారి కింద పడింది. తీసుకుందామని ఎడమపక్కకి వంగారు. వంగినవారు వంగినట్టే ఆగిపోయారు. కన్ను పెట్టె మీద ఉంది.

రిజిస్టరులో 'నలుపు' అని ఉంది. దాని కింద ఆయన సంతకం ఇంకా తడిగా ఉంది.

పెద్దాయన నెమ్మదిగా లేచారు. కలానికి మూత పెట్టారు. "ఎవరయ్యా యజమాని? తీసుకెళ్ళమనండి. త్వరగా," అన్నారు, ఎవరి వైపూ చూడకుండా.

బుల్లబ్బాయి నాణేన్ని చొక్కా లోపలి జేబులో వేసుకుని, సైకిలు ఎక్కి, తొక్కితే ఎక్కడ వెనక్కి పిలుస్తారో, తొక్కకపోతే ఎక్కడ పట్టుకుంటారో తెలియక సగం తొక్కుతూ కాలవ గట్టుకి చేరాడు. వెనకనుంచి కారు హారను మోగింది. అతని గుండె సైకిలు కన్నా ముందు పోయింది.

కారు పక్కన ఆగింది. అద్దం కిందికి దిగింది. అనంతపద్మనాభం గారు.

"ఏదీ, ఒకసారి తియ్యి."

జేబులోంచి తీశాడు బుల్లబ్బాయి. అరచేతిలో పెట్టి కిటికీ దగ్గరికి చాపాడు. పెద్దాయన చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, తల కిటికీ బయటికి పెట్టి, తనంతట తనే ఎడమకి వాల్చారు. పొద్దు నాణెం మీద పడింది. డ్రైవరు కూడా సీట్లోంచి ఒరిగాడు.

"ఇదిగో," అన్నారు పెద్దాయన చివరికి, గొంతు తగ్గించి. "దీన్ని ఎవరిచేతా తోమించకు."

బుల్లబ్బాయికి భయం పోయి ఉక్రోషం వచ్చింది. "అదేటండి బాబూ! తోమమన్నది తమరే కదండి?"

"అది ఆఫీసులో అన్నానయ్యా," అన్నారు ఆయన అద్దం ఎక్కిస్తూ. "ఇది రోడ్డు."